బావి గోడ అవతలి చప్పుడు

ఒక ఉక్కు కంపెనీ బొగ్గు గనుల్లో చిన్న ఇంజనీరుగా చేరి, డైరెక్టరుగా రిటైరయ్యాను. ఆ తర్వాతి వేసవిలో నారాయణఖేడ్ దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడు జరిగిందిది. తమ్ముడు మల్లేశం కంది చేనులోని పాత బావిలో పూడిక తీయిస్తున్నాడు. మధ్యాహ్నం కూలీలంతా అన్నాలకు పైకొచ్చాక, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని మేమిద్దరం దిగాం.

గనిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో లేదో తెలుసుకుంటాం. ఆ అలవాటు కొద్దీ బావి గోడను చేతికర్రతో మూడుసార్లు తట్టాను.

లోపలి నుంచి ఎవరో మూడుసార్లు తిరిగి తట్టారు.

"అవతల ఎవలన్న ఉన్నర్రా?" అన్నాను.

"ఎవలుంటరన్నా, అంత మట్టే గదా" అన్నాడు మల్లేశం. వాడి ముఖం పాలిపోయింది. "కానీ నాగ్గూడ ఇనబడ్డది."

మళ్లీ తట్టాను. ఈసారి నా కర్ర ఆగకముందే జవాబు మొదలైంది, గబగబా, మమ్మల్ని తరుముతున్నట్టు.

"జల్దీ ఎక్కు" అని తమ్ముణ్ని ముందుకు తోశాను. మేం గట్టు మీద కాలు పెట్టామో లేదో, ఆ గోడ మొత్తం బావిలోకి జారిపోయింది.

మట్టి కదిలిన చప్పుడై ఉంటుందన్నారు కూలీలు. కావచ్చు. కానీ గనిలో పైకప్పు కూలి మనుషులు పోయిన ప్రతిసారీ, ‘ముందుగా ఏ హెచ్చరికా లేదు’ అన్న రిపోర్టు మీద నేను సంతకం పెట్టాను. ఎవరో తట్టినట్టు వినిపించిందని బతికి బయటపడ్డవాళ్లు చెబితే, ఆ మాట కొట్టేయించింది కూడా నేనే.