జంగు దాదా పాడిన హద్దులు

నిన్న దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలో సరుకులు కొంటుంటే పసుపు ప్యాకెట్ ఒకటి నా చేతిలోనే పగిలింది. చొక్కా, చేతులు, సంచీ అంతా పసుపే. మలయాళీ కొట్టువాడు తిట్టబోయి, నేను నవ్వడం చూసి ఊరుకున్నాడు. నవ్వక ఏం చేయను? ఆ వాసన తగలగానే జంగు దాదా కళ్ళముందు నిలబడ్డాడు మరి.

జంగు దాదా అప్పట్లో మా కంపెనీ కార్మికుల క్యాంప్ మెస్‌లో వంటవాడు. అల్ వక్రా దగ్గరి ఆ క్యాంప్‌లో నేను పనివాళ్ళ హాజరు రాసే టైమ్‌కీపర్‌ని. నాది అమలాపురం దగ్గర ఊరు, ఆయనది ఆదిలాబాద్ అడవుల్లో గోండు గూడెం. దాదా అంటే వాళ్ళ భాషలో అన్న. పప్పులో పసుపు మాత్రం ఎప్పుడూ చిటికెడే వేసేవాడు. "ఇంకొంచెం వేయొచ్చుగా దాదా, పాలిపోయినట్టుంది" అంటే, "మా ఊళ్ళె పసుపు చేసిన పని నీకు తెల్వదు తమ్మీ" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

దాదా వాళ్ళ రాష్ట్రంలో ప్రభుత్వం మారిన ఏడాది ఆ నవ్వు ఆగింది. కొత్త అధికారులు అడవి హద్దులు మళ్ళీ కొలుస్తున్నారు, గూడెం పొలాలు అడవిలో కలిసిపోతాయంటున్నారు. నిజాం కాలంలో సర్కారు ఆ గూడేనికి ఒక ఒప్పందం రాసిచ్చిందట. ఈ నాలుగు హద్దుల లోపల దున్నుకోండి, ఇప్పపువ్వు ఏరుకోండి, బదులుగా అడవికి నిప్పంటకుండా కాపలా కాయండి అని. వీళ్ళు మాట తప్పలేదు, ఏటా ఎండాకాలం కాపలా కాస్తూనే ఉన్నారు. నెలలో గ్రామసభ. ఆ లోపు రుజువు దొరక్కపోతే పొలాలు పోయినట్టే.

"కాగితం ఉందిగా, చూపించండి!" అన్నాను.

దాదా ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఉన్నది పచ్చటి మరక. ఆ పత్రాన్ని వాళ్ళు కులదేవుడి పెట్టెలో దాచారు. ఏటా పుష్యమాసంలో పెట్టె తెరిచినప్పుడల్లా దేవుడితో పాటు దానికీ పసుపు పూశారు. ముద్ర, అక్కడక్కడా కొన్ని ఉర్దూ మాటలు తప్ప ఏమీ మిగల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాగితానికి పసుపేంటి దాదా! బుద్ధుండక్కర్లా?"

"దేవుని పక్కన వెట్టినంక అది గూడ దేవుడే గద. దానికొక్కదానికి వెట్టకుంటె అలుగదా?" అన్నాడు. ఆ వెంటే, "దానికి పాట ఉన్నది" అన్నాడు.

పత్రం ఇచ్చిన రోజు చదివి వినిపిస్తే, పెద్దలు దాన్ని గోండీలో పాట కట్టారట. పసుపు పూసేటప్పుడు మగవాళ్ళు ముందు నిలబడి పాడతారు, ఆడవాళ్ళు వెనక కూర్చుంటారు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మొత్తం పాట వచ్చినవాడు తానొక్కడే మిగిలాడని దాదా బెంగ.

"పాట సాక్ష్యమంటే ఆఫీసులో నవ్వుతారు" అన్నాను. అనడమైతే అన్నాను గానీ మనసు ఊరుకోలేదు. శుక్రవారం సెలవు రోజున మా బస్సు డ్రైవర్ సలీం భాయ్‌ని మెస్‌లోకి లాక్కొచ్చాను. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఉర్దూ బాగా వచ్చు. ఫోటోను పెద్దది చేసి కళ్ళు చిట్లించాడు.

"జర ఆగుండ్రి, పాత సర్కారీ ఉర్దూ ఇది. తూర్పుకు ఎర్ర... తర్వాత కనిపిస్తలేదు."

"ఎర్రవాగు" అన్నాడు దాదా, ఉల్లిపాయలు తరుగుతూనే.

"పడమరకు... గుండు."

"నల్లగుండు. ఆ బండ పులి కూసున్నట్టు ఉంటది."

"పులి గురించి రాయలేదు భాయ్!"

ముగ్గురం పడి పడి నవ్వాం. మిగిలిన ప్రతి మాటా పాటలో దాని చోట అది ఉంది. వాకబు చేస్తే, ఇలాంటి హక్కులకు పెద్దల నోటిమాటనూ నేల మీది హద్దు గుర్తులనూ రుజువుగా తీసుకోవాలని చట్టంలోనే ఉందట! అర్జీ నేనే రాశాను. నా దస్తూరీ అంటే నాకు కాస్త గర్వం లెండి. దాదా దాన్ని మెచ్చుకుని, ఫోటో తీసి ఊరికి పంపి, పక్కన పెట్టాడు.

"రాసుడు మంచిదే. ఇగ నోటికి పట్టు. ఒక్క నోట్లె ఉంటె పోతది తమ్మీ."

ఆ నెలంతా పాట పాడితేగానీ నా కంచంలో పప్పు పడలేదు. కోనసీమ యాసలో గోండీ వినడానికి మెస్ మొత్తం చుట్టూ చేరి ఈలలు వేసేది.

గ్రామసభ రోజు దాదా ఫోన్‌లో పాట అందుకున్నాడు. అక్కడ అధికారులూ గూడెం జనమూ ఆ పాట వెంటే నడుస్తున్నారు. రెండో హద్దు దగ్గర ఫోన్ కట్టయింది. దాదా ఎన్నిసార్లు నొక్కినా కలవదే! చివరికి కలిసేసరికి అవతల పాట ఆగనే లేదు. అన్నీ ఆడవాళ్ళ గొంతులు. వెనక కూర్చుని ఇన్నేళ్ళు విన్నవాళ్ళకు రాకుండా ఉంటుందా? అప్పటికే నాలుగో హద్దుకు చేరుకున్నారు. దాదా వదిన గోండీలో ఏదో అరిచింది.

"హద్దు రాళ్ళు దొరికినయట తమ్మీ! పాట చెప్పిన కాడనే, గడ్డి కింద!" దాదా ఏడుస్తూ నవ్వుతున్నాడు. నేనూ అంతే.

అధికారి ఆ హద్దులనే రాసుకున్నాడు. కొన్నాళ్ళకు గూడెం చేతికి కొత్త హక్కుపత్రం వచ్చింది. ఆ పూట దాదా పప్పులో గరిటెడు పసుపు వేశాడు. తినలేక చచ్చాం, అయినా గిన్నె ఖాళీ చేశాం. పత్రానికి గట్టి ప్లాస్టిక్ తొడుగు వేయించమన్నాను. "దాని మీద ఎంత కావాలంటే అంత పూసుకోండి" అన్నాను.

దాదా ఊరెళ్ళి స్థిరపడ్డాడు. నేనిప్పుడు దోహాలోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉంటున్నాను. కంపెనీలో కొత్తగా దిగినవాళ్ళకు కాంట్రాక్ట్ చదివి వినిపించే పని నేనే నెత్తినేసుకున్నాను. అందులో ఏముందో వాళ్ళ నోటితో చెప్పించందే సంతకం పెట్టనివ్వను. "ఏంది సార్, బడి పిల్లలోలె?" అని విసుక్కుంటారు. విసుక్కోనీ.

పుష్యమాసంలో గూడెం నుంచి ఫోన్ వస్తుంది. "అందుకో తమ్మీ" అంటాడు దాదా. మూడో హద్దు దగ్గర నేను తడబడతాను, ఆడవాళ్ళు నవ్వి అందిస్తారు. ఆ వాగును నేను చూడలేదు, ఆ గుండునూ చూడలేదు. కానీ రేపు ఏ సర్కారు వచ్చి ఆ హద్దులెక్కడని అడిగినా, దోహాలో ఒక అమలాపురం వాడు లేచి నిలబడి పాడగలడు.