వెనక్కి చూసే కుర్చీ

మా అన్న జీపులో, ముందు సీట్లకు వీపు ఆనించి, ఒక చిన్న కుర్చీ బిగించి ఉండేది. టేకు చట్రం, మీద నల్ల రెక్సిన్, తలకు అటూ ఇటూ మెత్త కుట్టిన చెక్క రెక్కలు. ఎనభైల నడిమి మాట. టేకులపల్లి దాటి అడవి అంచున మా ఊరు. కార్లలో పసిపిల్లల కోసం సీట్లు ఉంటాయని అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. దాన్ని చేయించిన మా వదినకూ తెలియదు.

అన్న కూతురు రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది. ఖమ్మంలో ఎముకల డాక్టరు వారం వారం పాదాలను కొద్దికొద్దిగా సరిచేసి సిమెంటు కట్టు వేసేవాడు. నడుమ మానేస్తే పాదాలు మళ్లీ మొదటికి వస్తాయని, అప్పుడు కోత తప్పదని ముందే చెప్పాడు. అందుకని ప్రతి వారం ఇల్లెందు మీదుగా ఖమ్మం ప్రయాణం. అన్న నడిపేవాడు. పత్రికకు వార్తలు ఇచ్చే పని మీద నేనూ అందులోనే వెళ్లేవాణ్ణి.

నెలల పిల్లగా ఉన్నప్పుడు పాప ఉయ్యాలలో వచ్చేది. జీపు టాపు కింది ఇనుప కమ్మీలకు మా అమ్మ తన పాత చీరతో ఉయ్యాల కట్టేది. మా వైపు పసిపిల్లలతో జీపెక్కే వాళ్లందరూ అలాగే కట్టుకునేవారు. జీపు గుంతలో దిగి లేచినా పాప నిద్ర చెదిరేది కాదు. దారిలో ఎక్కినవాళ్లు ఆ ముడిని మెచ్చుకుంటే అమ్మ విననట్టు కూర్చుని, ఇంటికొచ్చాక అందరికీ చెప్పేది.

పాప బొర్లా పడింది, కూర్చుంది, ఉయ్యాల అంచు పట్టుకుని లేవడం నేర్చింది. ఉయ్యాల మాత్రం మారలేదు. ఒక మలుపులో అన్న బ్రేకు వేశాడు. ఉయ్యాల విసురుగా ముందుకు ఊగి, పాప కాలి కట్టు కమ్మీకి తగిలి పగిలింది. పాపకు ఏమీ కాలేదు. డాక్టరు కొత్త కట్టు వేశాడు. తిరుగు దారంతా వదిన పాపను గుండెకు అదుముకుని కూర్చుంది.

ఇంటికి రాగానే అమ్మ తేల్చి చెప్పింది.

“ఇయ్యాల కట్టు పగిలింది, రేపు తలకాయ పగుల్తది. ఈ పయనాలు బంద్ చేయుండ్రి. పిల్ల జర పెద్దగైనంక సూద్దాం.”

అన్న తల వంచుకున్నాడు. అతనికీ భయం పట్టుకుంది. వదిన ఎదురు చెప్పలేదు. వచ్చే వారానికి తాను ఒక దారి చూస్తానని, అప్పటిదాకా ఆగమని మాత్రం అడిగింది.

ఆమె ఎర్రుపాలెం వైపు పిల్ల. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. బ్రేకు పడ్డప్పుడు జీపులో ఏది ఎటు పోతుందో ఆమె అన్నాళ్లూ గమనించింది. నా సంచి, టిఫిను క్యారియరు ముందుకు దొర్లేవి. ఒడిలో పాపతో తానూ ముందుకు తూలేది. ముందు సీటుకు ఆనించి పెట్టిన మిరపకాయల బస్తా ఒక్కటే కదిలేది కాదు. పాపను కూడా ఆ బస్తాలాగే ఆనించి కూర్చోబెడితే సరిపోతుందని నాతో అన్నప్పుడు, నిజం చెప్పాలంటే నాకు వెంటనే అర్థం కాలేదు.

మర్నాడు పాపను ఎత్తుకుని బస్సులో ఇల్లెందు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ లారీలకు, జీపులకు సీట్లు కుట్టే ఒక సాయిబు దుకాణం ఉండేది. పాపను బల్ల మీద కూర్చోబెట్టి, కట్లతో సహా కాళ్ల పొడవు, వీపు ఎత్తు, భుజాల వెడల్పు కొలిపించింది. నడుముకు ఒక్క పట్టీ చాలదని, రెండు భుజాల మీదుగా కూడా రావాలని చెప్పింది. ముడులు వద్దంది. వాగులో జీపు ఆగిపోతే ఒక్క చేత్తో విప్పగలగాలి కాబట్టి బకిల్ కావాలంది. చివరగా పాప ముఖం ఎటు ఉండాలో చెప్పింది. సాయిబు టేపు మెడలో వేసుకుని ఆమె వైపు చూశాడు.

“ఇన్నేండ్ల సంది సీట్లు కుడుతున్న బేటీ. గిరాకీని ఎనకకు తిప్పి కూసోబెట్టమన్నది నువ్వొక్కదానివే.”

“నీ గిరాకీకి ఇంకా పళ్లు రాలేదు భాయ్. ఎటు కూర్చోబెట్టినా నీతో తగువు పడదు.”

ఆయన నవ్వి పని మొదలుపెట్టాడు. కుర్చీ కాళ్లను జీపు ఫ్లోరుకు బోల్టులతో బిగించడానికి ఆ వారంలోనే తానే మా ఊరు వచ్చాడు.

బిగించిన కుర్చీని చూసి అమ్మ ముఖం మాడ్చుకుంది. మా ఇంట్లో పయనమైన మనిషి వెనక్కి చూడకూడదు. మరచిపోయిన వస్తువు కోసం తిరిగొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. అటువంటిది పిల్ల దారి పొడుగునా వెనక్కే చూస్తూ పోవడమా?

“మంచి పని మీద పోయే పిల్ల. ఎనకకు సూసుకుంట పోతదా?”

వదిన కుర్చీని తుడుస్తూ ఆగింది. “వెనక్కి ఎందుకు చూస్తుంది అత్తయ్యా? మీరు ఎదురుగా కూర్చోండి, మిమ్మల్నే చూస్తుంది.”

 అమ్మ లోపలికి వెళ్లి ఒక బొంత తెచ్చి కుర్చీలో పరిచింది. ఒప్పుకున్నట్టే. వదిన పాపను బొంత మీద కూర్చోబెట్టి పట్టీలు బిగించింది. కాసేపట్లో బొంత అణిగి పాప పట్టీల కింద నుంచి జారసాగింది. వదిన బొంత తీసి, జీపు వెనక భాగంలో అమ్మ కూర్చునే బల్ల మీద వేసింది. పట్టీకీ పాప ఛాతీకీ నడుమ రెండు వేళ్లు పెట్టి చూసుకుంది. ప్రయాణం రోజుదాకా పాపకు బువ్వ పెట్టడం, ఆడించడం అన్నీ నిలిపి ఉంచిన జీపులో ఆ కుర్చీలోనే. పాపకు అది కొత్త చోటు కాకుండా పోయాకనే ఖమ్మం బయలుదేరాం.

ఇల్లెందు చేరకముందే, అడవిలో, మలుపు అవతల వెదురు బండి అడ్డంగా నిలిచి ఉంది. అన్న బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. నేను ముందు అద్దానికి చేతులు ఆనించి ఆపుకున్నాను. టిఫిను క్యారియరు దొర్లి నా సీటు కిందికి వచ్చింది. అమ్మ బల్ల మీద నుంచి జారి బొంతతో సహా కింద కూలబడింది. తిరిగి చూస్తే, కుర్చీలో పాప వీపు ఆనించి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కింద పడ్డ నాయనమ్మను కళ్లు పెద్దవి చేసుకుని చూసి, కిలకిలా నవ్వింది.

వదిన బల్ల కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. అమ్మ లేచి ముందుగా పాప మెడ, భుజాలు, కాళ్ల కట్లు తడిమింది. ఎక్కడా గీత కూడా లేదు. పైట సర్దుకుని బల్ల మీద కూర్చుంది. బండివాడు ఎద్దులను పక్కకు తోలుకున్నాడు, మేం కదిలాం. ఖమ్మం పొలిమేరల్లో అమ్మ వదిన వైపు తిరిగింది.

“ఆ సాయిబుకు చెప్పు. నాకు గూడ పట్టీలు కుట్టియ్యమను.”

వదిన నవ్వు దాచుకోవడానికి తల బయటికి తిప్పుకుంది.

తర్వాతి వారం ఎవరూ పిలవకముందే అమ్మ జీపెక్కి తన చోట కూర్చుంది. వదిన పాపను అందిస్తే తానే కుర్చీలో కూర్చోబెట్టి, బకిల్ వేసి, పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూసింది. ఆ తర్వాతే అన్నను బండి తీయమంది. వానాకాలం వెళ్లి, డాక్టరు ఇక కట్లు చాలనేదాకా మేం ఒక్క వారం కూడా మానలేదు.