మొండిఘటాన్ని మళ్ళీ పెట్టింది నేనే

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. చెప్తే నవ్వుతారేమో అన్నంత చిన్న సంగతి. ఎవరి ప్రాణమూ తీయలేదు, ఎవరి ఇంట్లోనూ దొంగతనం చేయలేదు. ఒక కంప్యూటర్‌లోంచి తీసేసిన పాత ప్రోగ్రాంను, ఎవరూ లేనప్పుడు మళ్ళీ మళ్ళీ అందులో పెట్టాను. అంతే. దానివల్ల ఒక పనిమంతుడు తనకు పని రాదని నమ్మి వెళ్ళిపోయాడు. అది చిన్న సంగతేనా? కాదని నాకు అప్పుడే తెలుసు.

గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు గని ఆఫీసు. తొంభైల తొలి రోజులు. కాగితాల మీద నేను గని లోపల పనిచేసే కార్మికుణ్ణి. చేసేది మాత్రం పైన, యాక్టింగ్ క్లర్క్‌గా, మూడు షిఫ్టుల హాజరు కంప్యూటర్‌లో ఎక్కించే పని. ఆ సీటు ఉన్నంతవరకే నేను పైన. సీటు పోతే మళ్ళీ లోపలికే. ఆ గదికి ఏసీ ఉండేది, చెప్పులు బయట విడిచి రావాలి, అందుకని తోటివాళ్ళు నన్ను దొరబాబు అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. గనిలోకి దిగాలంటే నాకు భయమని వాళ్ళకు తెలియదు. ఒకసారి లోపల పైకప్పు విరిగి, నేను అప్పుడే లేచి వచ్చిన చోట పడింది. దెబ్బ తగల్లేదు కానీ ఆ భయం నన్ను వదల్లేదు. నాన్న, అన్నలు రోజూ దిగిన గనిలోకి నేను దిగలేనని ఏ నోటితో చెప్పను? కంప్యూటర్ అంటే ఇష్టమని చెప్పుకున్నాను.

ఇంతలో కొత్త ప్రోగ్రాం వచ్చింది. పాతది ఉండగా అది నడవదు. మిషన్ వేయగానే పాతది తనంతట తానే మొదలై కొత్తదాన్ని ఆపేసేది. దాన్ని తీసేయడానికి ఖలీల్ భాయ్‌ను పిలిపించారు. బజారులో రేడియోలు, టీవీలు బాగుచేస్తూ కంప్యూటర్ పని నేర్చుకున్న మనిషి. ప్రతి స్క్రూనూ విప్పి కాగితం మీద పెట్టి, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా చుట్టూ పెన్సిల్‌తో గీసుకునేవాడు. మొదటి రోజు సాయంత్రానికే పాతదాన్ని తీసేసి, కొత్తది పెట్టి, మిషన్ ఆపి, వేసి, మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి చూపించాడు. శుభ్రంగా నడిచింది.

కొత్తదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేర్పమని ఎవరినైనా అడిగానా? లేదు. అడిగితే రాదని తెలిసిపోతుంది, రాదని తెలిస్తే సీటు పోతుంది, సీటు పోతే గని, ఇలా నా బుర్ర ఒకటే దారిలో తిరిగింది తప్ప పక్కకు చూడలేదు. పాత ప్రోగ్రాం ఫ్లాపీలు నా దగ్గర ఉన్నాయి. గది తాళంచెవి కూడా నా దగ్గరే. మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వచ్చి పాతదాన్ని మళ్ళీ ఎక్కించాను. ఫ్లాపీలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అన్నం డబ్బాలో దాచాను.

రెండు వారాలు అదే తంతు. సాయంత్రం అతను తీసేవాడు, పొద్దున నేను పెట్టేవాణ్ణి. వైరస్ పట్టిందేమోనని వెతికాడు. చివరికి హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేసి మొదటి నుంచీ అన్నీ ఎక్కించాడు. పొద్దున చూస్తే మళ్ళీ అదే. ఆఫీసులో దానికి మొండిఘటం అని పేరు పెట్టారు. దిష్టి పోవాలని మిషన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. దారం తెచ్చిచ్చింది నేనే. అందరితోపాటు నవ్వాను కూడా. ఫ్లాపీల కంటే ఆ నవ్వు తలచుకుంటేనే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆఖరికి ఒక సాయంత్రం ఖలీల్ భాయ్ విప్పిన మిషన్ ముందు కింద కూర్చుని నన్ను అడిగాడు.

"అన్న, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నేను పోయినంక ఈ మిషన్‌ను ఎవలన్న ముడుతున్నరా?"

"ఎవలు ముడుతరు భాయ్? తాళంచెయ్యి నా దగ్గర్నే ఉంటది గద."

కాగితం మీది స్క్రూ ఒకటి తీసి బిగించసాగాడు.

"గట్లనా. నువ్వు చెప్పినంక ఇంకేమున్నది. అయితే నాకే పని రాదన్నట్టు."

తన చేతుల కంటే నా మాటను ఎక్కువ నమ్మాడు. అతను నన్ను అనుమానించి గొడవపడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. లేక అది కూడా నేను తప్పించుకోవడానికి చెప్పుకునే మాటేనా?

మర్నాడు ఆఫీసరు అందరి ముందు నీతో కాదని అతన్ని పంపించేశాడు. ఆ మాట మిగతా ఆఫీసులకు పాకింది. కంప్యూటర్ పనికి అతన్ని పిలిచేవాళ్ళే లేకపోయారు. కొన్నాళ్ళకు దుకాణం మూసేసి మందమర్రి వెళ్ళాడని, అక్కడ ఫ్యాన్లకు వైండింగ్ చేస్తున్నాడని విన్నాను. నేను మాత్రం ఆ ఏడాదే పర్మినెంట్ క్లర్క్‌నయ్యాను. ఆ తర్వాత ఇంకెవరో వచ్చి కొత్త ప్రోగ్రాం పెట్టారు. ఇక సీటు పోయే భయం లేదు, ఈసారి ఫ్లాపీలు బయటికి తీయలేదు. నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను. అంత సులువైన పని అది.

రిటైరై చాలా కాలమైంది. పోయిన వారం మందమర్రి వెళ్ళాను. ఖలీల్ భాయ్ ముసలివాడయ్యాడు, నాలాగే. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఆ నవ్వు ఉండగానే చెప్పేశాను, ప్రతి పొద్దునా వచ్చి పెట్టింది నేనేనని. రాగి తీగ చుడుతున్న చేతులు ఆగిపోయాయి. తిడతాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు.

"మొదటిరోజు నేను తీసింది, పోయిందా అన్న?"

పోయింది భాయ్, అన్నాను. భార్యను బయటికి పిలిచి దక్కనీ ఉర్దూలో చెప్పాడు, మొదటి రోజే పోయిందట అని. ఆమె నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ తీగ చుట్టుకోసాగాడు. కూర్చోమనలేదు. క్షమించాననీ అనలేదు. నేను అడగనూ లేదు.

బస్సెక్కాక ఒళ్ళంతా తేలికైంది. ఇంత తేలికపడే హక్కు నాకుందా? తెలియదు. అయినా ఊపిరి హాయిగా ఆడింది, ఆ మాట దాచను. ఆనాడు నాతోపాటు నవ్వినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరైనా, కాకపోయినా తెలుసుకోండి. ఖలీల్ భాయ్ దాన్ని మొదటి రోజే తీసేశాడు.