బోటుకు వేసిన గడ్డి పరుపు

సూర్యాపేట లారీ అడ్డాల నలభై అడుగుల మోటారు బోటును మోసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. కోదాడల ఎక్కించుకొని, మిర్యాలగూడ మీదుగ నాగార్జున సాగర్ దాకా తీసుకపోయి, గోటి గీత పడకుండ నీళ్లల్ల దించిన.

ఎనభైలల్ల మా దిక్కు ట్రైలర్ అంటే ట్రాక్టర్లు, రైస్ మిల్లు బాయిలర్లు మోసేదే. నాది కొత్త ట్రైలర్. "గా బోటు పగిలిందంటే నీకు బాయిలర్ గాదు, కోళ్ల గంప గూడ ఎవ్వడియ్యడు" అని అడ్డాల నవ్విండ్రు. నవ్వినోళ్లల్ల సగం మందికి లోడుకు ముడి ఏసుడే రాదు.

బోటు ఓనర్ కోస్తా మనిషి. తెల్ల బూట్లు. సాగర్‌ల టూరిస్టులను తిప్పుతడట. తెచ్చిన లారీ కోదాడల చెడిపోతే, పెండ్లిపిల్లకు కాపలా ఉన్నట్టు బోటు పక్కన గొడుగేసుకొని నిలబడ్డడు.

"ఏవండీ, ఎక్కడా గీత పడకూడదండీ," అన్నడు.

"సార్, మీ బూట్లకు మరక పడతదేమో గని, బోటుకు పడది," అన్న.

ఆయనకు తెలిసిందల్ల గంతే, గీత పడొద్దని. లోపల కుర్చీలు, డబ్బాలు అట్లనే ఉన్నయ్. గుంత తగిలితే అవే ఎగిరి బోటును పగలగొడ్తయని సోయి లేదు. నా డ్రైవర్ మా బావ, అక్క మొగుడు. అన్నీ ఆయనే దించిండు. ముందరి అద్దం విప్పి మెత్తలల్ల చుట్టిండు. ఇంజన్ రెక్కలకు గోనెసంచులు కట్టిండు. వాన నీళ్లు లోపల నిలవకుండ, ఎనక అడుగున ఉన్న బిరడా తీసి జేబుల ఏసుకున్నడు. టార్పాలిన్ వదులుగ ఉంటే గాలికి కొట్టుకొని రంగు గీకుతదని బిర్రుగ లాగి కట్టిండు.

పరుపు మాత్రం నా ఆలోచన. బోటుకూ ట్రైలర్‌కూ నడుమ వరిగడ్డి మందంగ పరిచి, గడ్డిబండికి ఏసినట్టే పైనుంచి తాడేసి నేనే కట్టిన. కింద కర్ర దిమ్మెలు పెడదామన్న బావతోని, "నువ్వు స్టీరింగ్ సూసుకో" అన్న.

నేరేడుచర్ల కాడ చాయ్‌కు ఆగినం. తాగి వచ్చి చూస్తే రెండు బర్రెలు నా పరుపును నములుతున్నయ్. బోటు ఒక పక్కకు ఒరిగి ట్రైలర్ ఇనుప అంచుకు ఆనింది. ఓనర్ తల పట్టుకొని తన బూట్లనే చూసుకుంటున్నడు. నేను పక్కనున్న రైస్ మిల్లుకు ఉరికి ఊక బస్తాలు తెచ్చిన. జాకీ పెట్టి బోటును లేపి, కింద బస్తాలు దోపినం. సాగర్ కాడ బావ బిరడా మళ్ల బిగించిండు, బోటు నీళ్లల్ల తేలింది. నా పేరు నిలబడ్డది.

ఇగ నిజం చెప్పాలె. నలభై అడుగులు గాదు, ఇరవై ఐదు ఉంటదేమో. మిగిలింది ట్రైలర్ ముక్కును గూడ కలిపి చెప్పిన లెక్క. గీత గూడ పడ్డది, జానెడు. బోటు నీళ్లల్ల దిగేదాకా దానికి అడ్డం నిలబడ్డ. ఊక బస్తాలు తెచ్చింది బావ. గని తప్పు మాత్రం బర్రెలది.

ఇదంత రాసి మొన్న బావకు చదివి వినిపించిన. ఆయన కండ్లు మూసుకొనే విన్నడు.

"బర్రెల మీద పెట్టకు," అన్నడు. "నేరేడుచర్ల రాకముందే బోటు ఒరిగింది. బండి సైడు అద్దంల చూసే ఆపిన, చాయ్ కోసం గాదు. నీ తాడు వదులై, గడ్డి దారి పొడుగున రాలుకుంట వచ్చింది. బర్రెలు అది ఏరుకుంట మన ఎన్క వచ్చినయ్. పేరు నిలబడ్డదట. తర్వాత ఏ మిల్లోడు వచ్చినా ముందు అడిగింది ఒక్కటే గదా, లోడు కట్టేది నువ్వా, మీ బావనా అని."