మానస్విని పేరులో వత్తు

కాశిబుగ్గలో ఇరవై ఏళ్లుగా పెళ్లిపత్రికలు టైపు చేస్తున్న శోభారాణి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా కూర్చుంటుంది. అయినా పోయిన వారం మానస్విని అనే పెళ్లికూతురి పేరులో ఒక వత్తు పోయింది, పత్రికలన్నీ తప్పుగా అచ్చయ్యాయి. అందుకే పెద్ద మానిటర్ కొన్నది. పాత కంప్యూటర్‌కు తగిలిస్తే అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. సెట్టింగు మార్చి పెద్దవి చేస్తే అలుక్కుపోయాయి. కేబుల్ మార్చింది, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది, కళ్లద్దాలు తుడుచుకుంది. చివరికి మానిటర్ అమ్మిన మధుకు ఫోన్ చేసింది.

“మానిటర్ మంచిగనే ఉన్నది అక్కా. కంప్యూటరే పాతది, మార్చుండ్రి.”

“నా తెలుగు సాఫ్ట్‌వేర్ దీంట్లనే నడుస్తది తమ్మీ. కొత్తదాంట్ల ఎక్కుతలేదు,” అని ఫోన్ పెట్టేసింది.

పత్రికలు మళ్లీ వేయించుకోవడానికి వచ్చి ఎదురుగా కూర్చున్న మానస్విని తండ్రి కట్టయ్య, ఆమె తీసిచ్చిన కాగితం చూసి నెమ్మదిగా అన్నాడు: “ఈసారి గూడ వత్తు లేదమ్మా.”

ఆమె ఆ పేరు చెరిపి, తెరవైపు చూడకుండా, వేళ్లను నమ్ముకుని మళ్లీ కొట్టింది. కాగితం తీసి ఇచ్చింది.

“ఇప్పుడున్నది,” అన్నాడాయన.

“ఇంకొక్కసారి చూడుండ్రి అన్నా,” అంది శోభారాణి. “నాకు కనవడ్తలేదు.”