కరుణమ్మ టీచరు, మా కొత్త వల

ఈ మాట నోటిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో చెప్పలేను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవరాళ్లు బడికి పోతున్నారు. బరువు మాత్రం దిగలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. అది కూడా పిరికితనమేనేమో.

మాది మైపాడు పక్కన, చేపలు పట్టేవాళ్ల పల్లె. నయాపైసలు వచ్చిన కొత్తల్లో మా తాటాకుల బడికి కరుణమ్మ టీచరు వచ్చింది. నెల్లూరులో క్రైస్తవుల ఇంటి పిల్ల. బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిచి వచ్చేది. అంతకు ముందున్న అయ్యవారు బెత్తం ఒళ్లో పెట్టుకుని కునుకు తీసేవాడు. ఆడపిల్లలు వచ్చారా లేదా అన్నది ఆయనకు పట్టేది కాదు. ఈమె ఇల్లిల్లూ తిరిగి, మా అమ్మలను బతిమాలి మమ్మల్ని బడికి తెచ్చుకుంది. తడి ఇసుకలో పెన్నానది గీసేది. అల వచ్చి చెరిపేస్తే పకపకా నవ్వి మళ్లీ గీసేది. నన్ను నెల్లూరు హైస్కూల్లో వేసి తన ఇంట్లోనే ఉంచుకుంటానని మా నాయనను అడిగింది. ఆయన సరేనన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అందరికంటే ముందు వచ్చిన పిల్లచేత బడిగంట కొట్టించేది. ఆ గంటంటే నాకు పిచ్చి.

ఆ వేసవంతా నాయన, చిన్నాయన కూర్చుని కొత్త వల అల్లారు. కొత్త వల సముద్రంలో పడేదాకా ఆడది దాన్ని దాటకూడదు. మా పల్లెలో పసిపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు ఇది. ఆ పొద్దున వల ఒడ్డున బారుగా పరిచి ఉంది. చుట్టూ తిరిగి పోతే ఆలస్యం. వెనక, పడవల చాటున, ఇంకో పిల్ల పరుగెత్తుకొస్తున్న చప్పుడు. ఒక్క గెంతు గెంతాను. నడుమ వల మీద కాలు ఆనింది. తలెత్తితే ఎదురుగా టీచరు, చెప్పులు చేత పట్టుకుని. ఆమెకు మా కట్టుబాటు తెలియదు, నవ్వి ఊరుకుంది. గంట నేనే కొట్టాను.

మర్నాడు ఆ వల సముద్రంలో దేనికో తగులుకుని సగానికి చిరిగి వచ్చింది. నాయన ఇసుకలో కూలబడ్డాడు. పొద్దున ఆ దారిన పోయేది మేమే కాబట్టి, పల్లెకు తీర్పు చెప్పే పెద్దకాపు బడి ఆడపిల్లలందరినీ నిలబెట్టి అడిగాడు.

"ఎవురు మే వల దాటింది?"

"టీచరమ్మ," అన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? నాయన కొడతాడనా? నెల్లూరు చదువు పోతుందనా? ఆమె మా మనిషి కాదు, కనుక చెబితే నమ్ముతారని ఆ వయసులోనే నాకు తెలుసు. నన్ను ఎక్కువ కాల్చేది అదే.

ఆమెను పిలిపించారు. విషయం విని నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఎంత బాగుండేది!

"నేనే దాటినానయ్యా. తెలీక దాటినా. బిడ్డల్ని మాత్రం బడి మాన్పించబాకండి."

మాన్పించారు. ఒక్క ఆడపిల్లను కూడా మళ్లీ పంపలేదు. ఆడపిల్లల ఖాళీ చాపల ముందు కొన్నాళ్లు కూర్చుని ఆమె వేరే ఊరికి బదిలీ చేయించుకుని పోయింది. నా నెల్లూరు చదువూ పోయింది. దానికి ఏడవను, నాకు తగిందే. కానీ నా పక్కన కూర్చున్న పిల్లలు ఏం పాపం చేశారు? నాకైనా అప్పటికే చదవడం పట్టుబడింది. వాళ్లింకా ఓనమాల్లోనే ఉన్నారు. ముసలివాళ్లమయ్యాక కూడా, బస్సు వస్తే ఏ ఊరిదని నన్నే అడుగుతారు. నేను చదివి చెబుతాను. "నువ్వుండబట్టి సరిపోయింది మే," అంటారు.

ఆ మాట విన్న ప్రతిసారీ చెప్పేద్దామనుకుంటాను. బస్సు ఎక్కి కూర్చుంటాను.

నా కాలు ఆనినందుకే వల చిరిగిందని ఇప్పుడు నమ్మను. అయితే మాత్రం? నాయన పోయాడు. టీచరు ఉందో లేదో తెలియదు. ఆమె నేర్పిన అక్షరాల్లోనే మొదటిసారి రాస్తున్నాను. వల దాటింది నేనే.