సారు ఎంచిన అంకె

మా సారు పోయారని ఆఫీసు గ్రూపులో మేనేజరు పెట్టాడు. కింద చేతులు జోడించిన బొమ్మలు రెండు. సారు చావు ఆ మనిషి చెబితే తెలియడం నా ఖర్మ. ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

కలుషితమైన నేల మీద మనుషులు బతకొచ్చో లేదో లెక్కగట్టే పని మాది. ఒక విషం రోజుకి ఎంత ఒంట్లోకి పోయినా ఫర్వాలేదో చెప్పే అంకెను టాక్సిసిటీ వాల్యూ అంటాం. ఒకే విషానికి నాలుగు పుస్తకాల్లో నాలుగు అంకెలుంటాయి. సరైనది ఎంచడం నాకు నేర్పింది సారే. ఏ స్థలానికెళ్ళినా ముందు గొంతుక్కూర్చునేవారు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. "ఇక్కడ్నించి సూడమ్మా. పిల్లలకి మట్టి ఇంత దగ్గిర," అనేవారు. మోచేతుల దాకా కడుక్కోకుండా టిఫిన్ బాక్సు తెరిస్తే తిట్టేవారు.

హైవే పక్కన, క్రోమియం పూత వేసే పాత షెడ్డు కూల్చి ప్లాట్లు వేద్దామనుకున్నారు ఓ రియల్ ఎస్టేటు వాళ్ళు. మట్టి మంచిదో కాదో రిపోర్టు మేమివ్వాలి. పాత అంకె ప్రకారం ఆ మట్టి మంచిదే. కొత్త అంకె ప్రకారం తవ్వి తీసేయాలి. మేనేజరు పాతదే వాడమన్నాడు.

"అదీ పుస్తకంలో ఉన్నదే కదండీ," అన్నాడు సారుతో.

"ఉంటాది. ఎందుకు మార్సారో కూడా పుస్తకంలోనే ఉంటాది. సదవండి," అన్నారు సారు. రిపోర్టు మీద సంతకం పెట్టలేదు.

నేను పెట్టాను. ఉద్యోగం పోతుందని భయం. సారుని మాత్రం రిటైరయ్యేదాకా పరీక్షకొచ్చే నీళ్ళ సీసాలకు లేబుళ్ళు అంటించే పనిలో వేశారు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారే, "నువ్వెట్టిన సంతకమే కదేటి, నువ్వే కొట్టేయొచ్చు," అన్నారు. ఆయన బతికుండగా కొట్టేయలేదు. ఆ సిగ్గు నాది, ఎవరి మీదకీ నెట్టను. ఇప్పుడక్కడ ఇళ్ళు లేచాయి. పిల్లలు ఆ మట్టిలోనే ఆడుతున్నారు.

సారుకి కసి అంటే ఏమిటో తెలీదు. నాకు బాగా తెలుసు.

గోపాలపట్నంలో సంతాపసభ పెట్టారు. మేనేజరు అరగంట సేపు సారు నిజాయితీని పొగిడాడు, గొంతు కూడా బొంగురుపోయింది. సారు భార్య నా చేతి మీద చెయ్యేసి, "ఏటమ్మా, నువ్వు మాటాడవా?" అన్నారు.

సంతకం వెనక్కి తీసుకుంటున్నానని ఆ రోజు పొద్దున్నే అధికారులకు ఉత్తరం పంపాను. దాని కాపీ మైకులో చదివాను. పాత అంకె, కొత్త అంకె, పాతది వాడమన్నది ఎవరో, సంతకం పెట్టింది ఎవరో. ఆ ప్లాట్లలో కాపురముంటున్న వాళ్ళని కొందరిని నేనే పిలిచాను. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వెనక వరసల్లో కూర్చున్నారు.

మైకు కోసం మేనేజరు చెయ్యి చాపాడు. ఉద్యోగం ఇక లేనట్టేనని తెలుసు. ఇవ్వలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా, వెనకవాళ్ళకు వినపడలేదేమోనని, రెండు అంకెలూ మళ్ళీ మొదట్నుంచి చదివాను.